ఎనిమిది వందల మీటర్ల లోతున గోళీ సోడా

మా సోడా షాపు భూమికి ఎనిమిది వందల మీటర్ల లోతున ఉందని ప్రభుత్వం నిర్ధారించడానికి ఐదు రోజుల ముందు, మా ఆయన నాకు సోడా కొట్టడం నేర్పించాడు. అప్పటికి మా పెళ్లయి ముప్ఫై ఆరు రోజులు.

"బొటనవేలు గోళీ మీద పెట్టు. అప్పుడే నొక్కేయకు. ముందు దాన్ని నమ్మించాలి," అన్నాడు.

"ఏమని?"

"దాన్నేమీ చెయ్యవని."

గోళీకి అబద్ధం చెప్పి ఒక్క గుద్దు గుద్దాను. సీసా 'కుయ్'మని కేక పెట్టింది. నురగ మోచేతి దాకా పొంగింది. నేను సీసా కంటే పెద్ద కేక పెట్టాను. అరుగు మీద కూర్చున్న కనకారావు మాస్టారు చప్పట్లు కొట్టారు. ఆయన రిటైరైన డ్రిల్లు మాస్టారు. రోజూ భోజనం కాగానే మా షాపుకొచ్చి ఒక ఉప్పు సోడా తాగి, రైల్వే గేటు అవతలికి వినబడేలా ఒక్క తేన్పు తేన్చి, ఆ తర్వాతే ఇంటికెళ్లి నిద్రపోతారు. ఆ తేన్పు విని గేట్‌మేన్ తన గడియారం సరిచేసుకుంటాడని పాలవలసలో చెప్పుకుంటారు.

షాపులో ఉన్నవి రెండు వందల నలభై సీసాలు. మా ఆయన తాతగారు కొన్నవి. ఆకుపచ్చ గాజు, ఇటుకంత బరువు, కింద పడితే నేలకే దెబ్బ తగులుతుంది. మా ఆయన పైడిరాజు వాటిని పొద్దున్నే బూడిదతో తోమి, ఎండకు పెట్టి, ఒక్కోదాన్నీ వెలుతురుకు ఎత్తి చూస్తాడు. నా వైపు కూడా అలాగే చూస్తాడు కాబట్టి నేను అభ్యంతరం చెప్పలేదు.

మా ఊరికి నాలుగు కిలోమీటర్ల దూరంలో ఒక ఫ్యాక్టరీ గొట్టం ఉంది. అది ఏం తయారుచేస్తుందో ఎవరికీ సరిగ్గా తెలియదు. పొగ మాత్రం అందరికీ తెలుసు. ఆ పొగలోంచి బొగ్గుపులుసు వాయువును పట్టి భూమిలో దాచాలని, దాచినంత మేరకే గొట్టం పొగ వదలాలని ప్రభుత్వం రూలు పెట్టింది. మంచి రూలే. వాయువును పట్టే యంత్రం తెచ్చారు. అది నడవాలంటే పెద్ద జనరేటరు కావాలి. ఆ జనరేటరు పొగను పట్టడానికి ఇంకో యంత్రం కావాలి. ఈ వరస ఎక్కడ ఆగుతుందో తేలక, కాలుష్యం తగ్గించే ఉద్దేశంతో మొదటి యంత్రానికే తాళం వేశారు. వాయువు దాచడానికి తవ్విన బావిలో కొబ్బరినీళ్లలాంటి నీళ్లు పడ్డాయి. ఆడవాళ్లు బిందెలతో లైను కట్టారు. ఇక 'దాచిన పరిమాణము' అనే గడిలో రాయడానికి జిల్లా కర్బన నిక్షేపాల కార్యాలయం దగ్గర ఏమీ మిగల్లేదు.

ఆ కార్యాలయం అధికారి చిదంబరరావు గారు, నేను సోడా కొట్టడం నేర్చుకున్న రోజే, ఎవరిదో పెళ్లి భోజనం చేసి వస్తూ గేటు దగ్గర జీపు ఆపించారు. పొట్ట పట్టుకుని ఒక సోడా అడిగారు. సగం తాగి, సీసాను ఎత్తి పట్టుకుని అలాగే ఉండిపోయారు.

"అమ్మా, ఈ గోళీని పైకి నెట్టి ఉంచుతున్నది ఏమిటి?"

కాలేజీ వదిలాక నన్నెవరూ ప్రశ్న అడగలేదు. అత్తింట్లో అడిగేవన్నీ 'కూరలో ఉప్పేశావా' లాంటివి. వాటికి మార్కులుండవు. నాకు బీయస్సీ కెమిస్ట్రీలో డెబ్బై ఎనిమిది శాతం. ఊపిరి పీల్చుకుని మొదలుపెట్టాను.

"కార్బన్ డయాక్సైడ్ సార్! పీడనం ఎక్కువైతే నీళ్లలో కరుగుతుంది. కొంత పైన మిగిలి గోళీని రబ్బరు వాషరుకేసి నొక్కుతుంది. గోళీ నొక్కినా అంతా ఒకేసారి పోదు. నీళ్లలో కరిగినది తాగినవాళ్ల కడుపులోకెళ్లి, తేన్పుగా బయటికొస్తుంది. సీసా తెరవనంత కాలం ఎక్కడికీ పోదు."

"ఎక్కడికీ పోదు?"

"పోదు సార్."

"ఈ వాయువు మీకెక్కడిది?"

"సిలిండర్లో వస్తుంది సార్. డిస్టిలరీలో పులియబెట్టేటప్పుడు గాల్లో కలిసిపోయేదాన్ని పట్టి నింపుతారు."

"పట్టి," అన్నారాయన. కళ్లు మూసుకున్నారు. "నింపి. మూసి. ఎక్కడికీ పోకుండా." మిగిలిన సగం సోడా తాగడం పాపమన్నట్టు మెల్లిగా బల్ల మీద పెట్టారు. "మీ పేరు తల్లీ?"

"హైమవతండి."

"క్వాలిఫికేషన్?"

చెప్పాను, శాతంతో సహా. రాసుకున్నారు. నాకెంత సంబరమేసిందంటే, ఆయన దగ్గర సోడా డబ్బులు తీసుకోవద్దని మా ఆయనకు కళ్లతో సైగ చేశాను.

నాలుగో రోజు, మే ఒకటో తారీఖున, జీపూ దాని వెనకాల ఒక ఆటో వచ్చాయి. ఆటోలో లక్క, దారం, కిరోసిన్ స్టవ్వు, ఒక బోర్డు. చిదంబరరావు గారు అరుగు ముందు నిలబడి ఉత్తర్వు చదివారు.

"పాలవలస రైల్వే గేటు వద్ద గల సదరు సోడా దుకాణమును, నిపుణురాలి అభిప్రాయము ఆధారముగా, జిల్లా ప్రథమ కర్బన నిక్షేప స్థలిగా ప్రకటించడమైనది. అందున్న రెండు వందల నలభై నిక్షేప పాత్రలను వెయ్యి సంవత్సరముల వరకు, లేదా తదుపరి ఉత్తర్వులు వెలువడు వరకు, తెరవరాదు."

"నిపుణురాలెవరు?" అన్నాడు మా ఆయన.

నేను సీసాల వైపు చూశాను.

"వెయ్యేళ్లా సార్? రబ్బరు వాషరు ఆర్నెల్లకు మించి ఆగదండి," అన్నాడు.

"వాషర్ల మార్పిడికి వెయ్యేళ్ల టెండరు పిలుస్తాం."

"మరి మా బేరం?"

"మీరిక వ్యాపారులు కారు. మీరు భావితరాల ధర్మకర్తలు."

లోపల చింతపండు గింజలు తీస్తున్న మా అత్త సింహాచలమ్మ చేతులు దులుపుకుంటూ వచ్చింది. "భావితరాలంటే ఎవలు బావూ?"

"మీ మనవలమ్మా. మునిమనవలు."

"ఆలు రావాలంటే ముందు ఈలిద్దరూ తినాలి కదేటి?"

నేను స్తంభం వెనక్కి వెళ్లాను.

మధ్యాహ్నానికల్లా ప్రతి సీసా మెడకూ దారం కట్టి, ఎర్ర లక్క పోసి, ముద్ర వేశారు. చివర్లో నాకు శాలువా కప్పారు. నెమలికంఠం రంగు, జరీ అంచు. జరిగినది ఎంత పెద్ద విషయమో సాయంత్రం దాకా నాకు తట్టకపోవడానికి ఆ శాలువా కొంత కారణం.

సాయంత్రం మా ఆయన సీసాలు కడిగే ఖాళీ తొట్టి ముందు కూర్చున్నాడు. "మిషనుంది. సిలిండరుంది. సీసాల్లేవు. ఇలాంటివి పోసేవాళ్లు ఇప్పుడు లేరు హైమా. ఇవి పోతే మన పని పోయినట్టే."

రెండు రోజుల్లో ఇంకో కబురొచ్చింది. విశాఖపట్నంలో కూల్‌డ్రింకుల గోడౌన్‌లో మా ఆయన చిన్నాన్న పెద్ద గుమాస్తా. జూన్ రెండో తారీఖు నుంచి పనిలోకి రమ్మన్నాడట. గోడౌన్‌లోనే ఉండాలి. నెలకోసారి ఇంటికి పంపిస్తారు. పెళ్లయి నలభై రెండు రోజులైన వాళ్లకు నెల అంటే ఎంతో ఆ చిన్నాన్నకు ఎవరూ చెప్పినట్టు లేదు.

అసలు ఉత్తర్వు వచ్చిన మర్నాడే ఇద్దరం అర్జీ పట్టుకుని జిల్లా ఆఫీసుకెళ్లాం. బస్సులో కిటికీ సీటు నాకిచ్చాడు. దారిలో జామకాయలు కొన్నాం. ఉప్పూ కారం కాగితం పొట్లాలో విడిగా ఇచ్చారు. అందువల్ల ఆఫీసులోకి నేను చాలా ధైర్యంగా వెళ్లాను.

"సార్, నిల్వలన్నీ ఎనిమిది వందల మీటర్ల లోతున ఉండాలని మీ నిబంధనల్లోనే ఉంది. మా షాపు నేల మీదుంది. కాబట్టి మీ ప్రకటన చెల్లదు."

చిదంబరరావు గారు కుర్చీలో వెనక్కి వాలి నావైపు ఎంతో అభిమానంగా చూశారు. "ఈ లోపాన్ని మా దృష్టికి తెచ్చినందుకు ధన్యవాదాలమ్మా," అని సొరుగులోంచి తెల్లకాగితం తీశారు.

మేం తిరిగి ఇంటికొచ్చేసరికి మా షాపు ఎనిమిది వందల మీటర్ల లోతుకు దిగిపోయింది.

ఫోన్ చేశాను. "సార్, షాపు రోడ్డు కంటే ఒక మెట్టు ఎత్తులో ఉందండి."

"అది భౌతికంగా. పరిపాలనాపరంగా భూగర్భం."

భూగర్భంలోకి దిగేవాళ్లకు దీపం ఉన్న పసుపు హెల్మెట్లు తప్పనిసరి. నాలుగు పంపించారు. దిగిన సమయం, పైకొచ్చిన సమయం రాయడానికి రిజిస్టరు పెట్టారు. మెట్టు దగ్గర 'అనుమతి లేనిదే దిగరాదు' అని బోర్డు కట్టారు. మా అత్త పొయ్యి మీద నుంచి అన్నం గిన్నె దింపి, హెల్మెట్ పెట్టుకుని, సంతకం పెట్టి, మెట్టెక్కి మాకు భోజనం తెచ్చేది. "ఎక్కి దిగడమేటే ఇది? సచ్చినాక కూడా ఇంత లోతుకెల్లం," అనేది. పోస్టుమేన్ భూమి లోపలికి బట్వాడా తన డ్యూటీలో లేదని మా ఉత్తరాలు పక్క టీ కొట్టులో ఇచ్చేవాడు. కరెంటు ఆఫీసు వాళ్లు, గనులకు వేరే కనెక్షన్ ఉండాలని, షాపుకున్నది తీసేశారు.

కనకారావు మాస్టారు మాత్రం మానలేదు. రోజూ ఒంటిగంట పదికి సంతకం పెట్టి దిగేవారు. హెల్మెట్ దీపం వెలుగులో సీల్ వేసిన సీసాల ఎదురుగా కూర్చుని పొట్ట నిమురుకునేవారు. "ఎదురుగా ఉన్నాయమ్మాయ్. ముట్టుకోలేను. వారం నుంచి మధ్యాహ్నం నిద్రలేదు," అనేవారు. గేట్‌మేన్ గడియారం కూడా పదకొండు నిమిషాలు వెనకబడిందని వినికిడి.

నిక్షేప స్థలి నిర్వాహకులు రోజూ ఫోన్‌లో యాప్ ద్వారా నివేదిక పంపాలి. అందులో ఒక్కటే గడి. 'నిల్వ, టన్నులలో'.

"సార్, మా దగ్గర టన్నుల్లేవు, సీసాలున్నాయి. ఒక్కోదానిలో గ్యాసు రెండు గ్రాములుంటే గొప్ప."

"మీరు అంకె వెయ్యండమ్మా. ప్రమాణం పైవాళ్లు చూసుకుంటారు."

240 అని వేశాను. తెర మీద గులాబీల గుత్తి విచ్చుకుని 'అభినందనలు' అంది. నాకు చాలా బాగుంది. మర్నాడూ 240 వేశాను. మళ్లీ గులాబీలు. వాటి కింద 'మొత్తం నిల్వ: 480 టన్నులు'.

"ఏమండీ, నిన్న ఉన్న సీసాలే కదా ఇవాళా ఉన్నాయి?"

"అవే. ఏం?"

"మరి ఇది కూడుతోందేం?"

పొరపాటు దిద్దుకోమని ఫోన్ చేశాను. చిదంబరరావు గారి గొంతు చిన్నబోయింది. "అమ్మా, మన జిల్లాలో నిల్వ పెరగడం మీకిష్టం లేదా?" అన్నారు.

వారం తిరిగేసరికి మా షాపులో 1,680 టన్నులు పోగయ్యాయి. ఆ ధైర్యంతో ఫ్యాక్టరీకి రెండో గొట్టం మంజూరైంది. పొద్దుట మాత్రమే వచ్చే పొగ సాయంత్రం కూడా వచ్చింది. ఆరేసిన నా పసుపు చీర మీద నల్లచుక్కల డిజైను పడింది. పుట్టింటి వాళ్లు పెట్టినప్పుడు అది ప్లెయిన్ చీర.

బేరం లేదు కాబట్టి మా ఇద్దరికీ భూగర్భంలో బోలెడు తీరిక దొరికింది. ఒకే పుస్తకంలోకి ఇద్దరం తలలు వంచి, హెల్మెట్లతో పాటు పంపిన ఎనభై నాలుగు పేజీల నిబంధనావళి చదివేవాళ్లం. హెల్మెట్లు ఒకదానికొకటి టక్కున తగిలేవి. తగలడానికి వీలుగా నేను కొంచెం నెమ్మదిగా చదివేదాన్ని. మే పదకొండో తారీఖున అరవై ఒకటో పేజీ దగ్గర ఆగిపోయాను.

'జిల్లా వాతావరణమునందలి మొత్తము కర్బన వాయువు కంటే నిల్వ అధికమైనచో, వృక్షజాలమునకు ఆహారపు కొరత ఏర్పడు ప్రమాదమున్నందున, నిక్షేపమును తక్షణమే విడుదల గావించి, సదరు స్థలిని రద్దుపరచవలెను.'

"అంటే?" అన్నాడు మా ఆయన.

"గాల్లో ఉన్నదాని కంటే మన దగ్గర ఎక్కువుంటే, సీసాలు మనవి."

"గాల్లో ఎంతుంది?"

వెనక అనుబంధంలో ఉంది. జిల్లా గాలిలో ఐదు లక్షల టన్నులట. ఎవరు తూచారో రాయలేదు. ఐదు లక్షల్ని 240తో భాగించాను. రెండు వేల ఎనభై నాలుగు నివేదికలు.

మా ఆయన వేళ్ల మీద లెక్కపెట్టి నీరసంగా నవ్వాడు. "రోజుకొకటంటే ఐదేళ్లు దాటుతుంది. నేను పదిహేను రోజుల్లో... కాదు, ఇరవై రోజుల్లో రైలెక్కాలి."

"రోజుకొకటని ఎవరన్నారు? 'రోజుకు కనీసం ఒకటి' అని ఉంది."

ఇరవై రోజులు, రోజుకు నూట నాలుగు. మర్నాడే మొదలుపెట్టాం. 240, గులాబీలు. 240, గులాబీలు. నా వేలు నొప్పెడితే మా ఆయన అందుకునేవాడు. రెండో రోజు మా అత్త వచ్చి, "ఆ పూలాట నాకోపాలియ్యే," అని తీసుకుంది. వంకాయలు వేగేలోపు పద్ధెనిమిది కొట్టేసింది. కనకారావు మాస్టారు వంతు వచ్చినప్పుడు ఛాతీ విరిచి కూర్చుని, "ఒన్! టూ!" అని తనకు తనే కాషన్ ఇచ్చుకుంటూ పంపేవారు.

మూడో రోజు చిదంబరరావు గారే ఫోన్ చేశారు. "అమ్మా, నిన్న ఒక్కరోజే ఇరవై నాలుగు వేల తొమ్మిది వందల అరవై టన్నులు! ఎలా సాధ్యమైంది?"

"కష్టపడుతున్నాం సార్."

"నాకు తెలుసమ్మా. నిబద్ధత! రాజధానిలో మన జిల్లా పేరే వినబడుతోంది. మిగతా జిల్లాల వాళ్లు అధ్యయన బృందాలను పంపుతామంటున్నారు."

మే ఇరవయ్యో తారీఖుకల్లా ఆయనకు ఉత్తమ నిక్షేపాధికారి బిరుదు వచ్చింది. దేశంలో పెద్ద పెద్ద సంస్థలు భూమికి చిల్లులు పెట్టి సాధించలేనిది ఒక రైల్వే గేటు దగ్గర సాధించారని పేపర్లో ఆయన ఫొటో వేశారు. ఫొటోలో ఆయన హెల్మెట్ పెట్టుకుని మా మెట్టు ఎక్కుతున్నారు. కింద 'భూగర్భంలోకి దిగుతున్న అధికారి' అని రాశారు.

ఇరవై తొమ్మిదో తారీఖున ఈదురుగాలికి సెల్ టవర్ పడుకుంది. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఒక్కటీ వెళ్లలేదు. మా ఆయన అటక మీది సూట్‌కేసు దింపి దుమ్ము దులిపాడు. నేను అందులో ఆయన చొక్కాలు సర్దాను. సర్దిన చొక్కా మళ్లీ తీసి ఇస్త్రీ చేశాను. చేసినదే మళ్లీ చేశాను. ముప్ఫైన నూట నాలుగే వెళ్లాయి. ముప్ఫై ఒకటిన నలుగురం తెల్లారగానే కూర్చున్నాం. ఫోన్ కాలిపోతుంటే తడిగుడ్డ చుట్టి కొట్టాం. సాయంత్రం ఆరింటికి మా అత్త వేలు చివరి 240ని నొక్కింది. 'మొత్తం నిల్వ: 5,00,160 టన్నులు'. ఈసారి గులాబీలు రాలేదు. ఒక ఎండిపోయిన చెట్టు బొమ్మ వచ్చింది.

"ఒలమ్మ! పాడుసేసీనానేటే?" అంది మా అత్త.

నేను ఆమెను కావలించుకున్నాను. హెల్మెట్లు ఢీకొన్నాయి.

కానీ ఆ సాయంత్రం ఎవరూ రాలేదు. మర్నాడు పొద్దున్నా రాలేదు. రైలు ఐదు నలభైకి. మధ్యాహ్నం రెండున్నరకు మా ఆయన సూట్‌కేసు తాళం వేసి గుమ్మం పక్కన పెడుతుంటే జీపు వచ్చింది. చిదంబరరావు గారు దాదాపు దొర్లుకుంటూ దిగారు.

"అమ్మా, ఘోరం జరిగిపోయింది! జిల్లాలో గాలి ఖాళీ అయిపోయింది! చెట్లకు తిండి లేదు. ఆ వేపచెట్టు చూడండి, ఎలా వాడిపోయిందో!"

"పచ్చగానే ఉంది సార్."

"భౌతికంగా!" అన్నారాయన, దాదాపు ఏడుస్తూ. "సాయంత్రం ఐదింటిలోగా మొత్తం నిక్షేపం విడుదల చెయ్యాలి. లేదంటే రద్దు ఉత్తర్వు మురిగిపోయి, స్థలి కాలపరిమితి ఇంకో వెయ్యేళ్లకు దానంతటదే పొడిగింపవుతుంది. ఫ్యాక్టరీ వాళ్లను కూడా ప్రజాహితార్థం వీలైనంత ఎక్కువ వదలమని కోరాం. దాన్నిప్పుడు పొగ అనకూడదు. వృక్షపోషక వాయు సరఫరా."

అధికారి మాట పూర్తయ్యేలోపే మా ఆయన ఒక సీసా లక్క పగలగొట్టి, గోళీ గుద్ది, సీసా తలకిందులు చెయ్యబోయాడు.

"ఆగండి! నేల మీద పారబోస్తే జల సంరక్షణ నిబంధన ప్రకారం నేరం. తాగాలి."

"తాగితే సరిపోతుందా?"

"ఎలా సరిపోతుంది? నీళ్లలో కరిగిన వాయువు తాగినవారి కడుపులో ఉండిపోతుంది. తేన్పు వస్తేనే విడుదల. ఇది నిపుణురాలి అభిప్రాయంలోనే ఉంది." ఆయన సంచిలోంచి రిజిస్టరు తీశారు. అందులో గడులు గీసి ఉన్నాయి. పాత్ర సంఖ్య, తాగినవారి పేరు, తేన్పు వచ్చిన సమయం.

రెండు వందల నలభై సీసాలు, రెండున్నర గంటలు. మేం ఐదుగురం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. అప్పుడే గంట మోగింది. గూడ్సు బండి కోసం గేటు పడింది.

ఒక ఆర్టీసీ బస్సు ఆగింది. దాని వెనక మామిడికాయల లారీలు రెండు, ఆటోలు, చివర్లో ఒక పెళ్లివారి బస్సు. రోళ్లు పగిలే ఎండ. కనకారావు మాస్టారు జేబులోంచి పాత ఈల తీసి ఊదారు. ముప్ఫై ఏళ్ల సర్వీసులో అంత గట్టిగా ఊది ఉండరు. "ఉచితం! గోళీ సోడా ఉచితం! లైన్లో రావాలి! తాగినవారు తేన్చి గానీ వెళ్లరాదు!"

మా ఆయన బొటనవేళ్లు రెండూ పనిచేశాయి. ఎడమచేత్తో ఒకటి, కుడిచేత్తో ఒకటి. కుయ్, కుయ్, కుయ్. నేను ట్రేలు మోశాను. నా గాజుల మీద, జుట్టు మీద, చివరికి నల్లపూసల మీద ఎర్ర లక్క ముక్కలే. చిదంబరరావు గారు రిజిస్టరు పట్టుకుని లైను వెంట పరుగెత్తారు.

"పేరు?"

"గంగునాయుడు. బ్రేవ్."

"మూడు పన్నెండు. తర్వాత?"

"మాది పెళ్లి బస్సండి. పెళ్లికూతురికి రావట్లేదు. సిగ్గుపడుతోంది."

"ప్రజాహితం తల్లీ, ప్రయత్నించండి."

మా అత్త ఆ పిల్లకు తన కొంగు అడ్డం పట్టింది. లోపల్నుంచి చిన్న శబ్దం వచ్చింది. పెళ్లివారందరూ ఈలలు వేశారు. గూడ్సు బండి చాలా పొడుగ్గా ఉండటం ఆ రోజు మా ఊరి అదృష్టం. అది దాటాక ఎక్స్‌ప్రెస్ కోసం గేటు అలాగే ఉంచడం ఇంకా పెద్ద అదృష్టం.

గేటు లేచేసరికి నాలుగున్నర. పదిహేడు సీసాలు మిగిలాయి. రోడ్డు ఖాళీ. పోస్టుమేన్ వచ్చి రెండు తాగాడు. టీ కొట్టాయన ఒకటి. మాస్టారు ఐదు. నేను మూడు. మా ఆయన నాలుగు. మా అత్త ఒకటి తాగి కూలబడిపోయింది. నాలుగూ యాభై మూడుకు ఒక్క సీసా మిగిలింది. దాన్ని చూస్తేనే నాకు కళ్లు తిరిగాయి.

"నావల్ల కాదు హైమా," అన్నాడు మా ఆయన గోడకు ఆనుకుని. "ఒక్క గుక్క దిగినా మొత్తం పైకొస్తుంది."

అందరం చిదంబరరావు గారి వైపు తిరిగాం.

ఆయన రెండడుగులు వెనక్కి వేశారు. "ప్రజల నుంచి ఏ వస్తువూ స్వీకరించరాదని మా సర్వీసు రూలు."

"అయితే కొనుక్కో బావూ," అంది మా అత్త.

"మీరు అమ్మకూడదమ్మా. స్థలి రద్దయితేగానీ వ్యాపారం చెయ్యకూడదు."

"మీరు తాగితేగానీ రద్దు కాదు!" అన్నాడు మా ఆయన. "అమ్మితేగానీ మీరు తాగరు!"

"నిజమే," అన్నారు చిదంబరరావు గారు. ఆయన మొహంలో నిజమైన బాధ కనిపించింది. "ఇది చాలా పకడ్బందీ నిబంధన."

నాలుగూ యాభై ఐదు. గుమ్మం పక్కనున్న సూట్‌కేసు నాకు అడ్డంగా, పెద్దగా కనిపించింది. సీసా తీసుకుని ఆయన చేతిలో పెట్టాను.

"సార్, ఇది భౌతికంగా సోడానే. పరిపాలనాపరంగా చెట్ల ఆహారం. మీరు స్వీకరించడం లేదు, సరఫరా చేస్తున్నారు. మధ్యలో మీ కడుపు ఒక గొట్టం."

ఆయన మొహం ఒక్కసారిగా విప్పారింది. నెల రోజుల్లో నేను చెప్పినవన్నీ ఆయనకు నచ్చాయి గానీ ఇంతగా ఏదీ నచ్చలేదు. సీల్ తనే పగలగొట్టి, కళ్లు మూసుకుని, గటగటా చివరి చుక్క దాకా తాగారు.

నాలుగూ యాభై ఏడు. అందరం చూస్తున్నాం. రావడం లేదు.

"ఇరవై ఆరేళ్ల సర్వీసులో నేను పదిమందిలో ఎప్పుడూ..." అన్నారాయన ఎర్రబడుతూ. బెల్టు బిగుతుగా ఉంది. చెమటలు పోస్తున్నాయి. నాలుగూ యాభై ఎనిమిది.

కనకారావు మాస్టారు ముందుకొచ్చారు. ఆయన ఎదుట మడమలు చేర్చి నిలబడ్డారు. "సావధాన్!" అని గర్జించారు. చిదంబరరావు గారు బిగుసుకుపోయారు. మాస్టారు మూడు లెక్కపెట్టి, ఆగి, "విశ్రామ్!" అన్నారు.

అది వచ్చింది. వేపచెట్టు మీది కాకులు లేచిపోయాయి. గేట్‌మేన్ తన గదిలోంచి తల బయటపెట్టి గడియారం వైపు చూశాడు.

"నాలుగూ యాభై తొమ్మిది," అన్నారు చిదంబరరావు గారు మెల్లిగా. తన పేరు తనే రాసుకున్నారు. తేన్పు సమయం రాసుకున్నారు. రద్దు ఉత్తర్వు మీద సంతకం పెట్టి, ముద్ర ఊది మరీ వేశారు. ఎంతో తేలికపడ్డ మనిషిలా బెల్టు ఒక కన్నం వదులుచేసుకుని జీపెక్కారు.

మా ఆయన తొట్టిలో నీళ్లు నింపాడు. రెండు వందల నలభై సీసాలూ నీళ్లలో గోళీలు కదుపుతూ పడుకున్నాయి. నేను పమిట బిగించి బూడిద అందుకున్నాను. ఒక్కో సీసా మెడ నుంచి లక్క గోకి, తోమి, ఆయనకిస్తుంటే ఆయన వెలుతురుకెత్తి చూసి వరసలో పెట్టాడు. కనకారావు మాస్టారు అరుగు మీదే గురకపెట్టి నిద్రపోతున్నారు.

ఐదు నలభైకి పాసింజరు వచ్చింది. కిటికీల్లోంచి చేతులు, పిల్లల తలలు, ఎవరిదో ఎర్ర తువ్వాలు దాటిపోయాయి. మా ఆయన నురగ చేతులతో తలెత్తి, చివరి పెట్టె గేటు దాటేదాకా చూశాడు.

"హైమా," అన్నాడు, "రేపటికి నిమ్మకాయల్లేవు."